గాజుగొట్టం పేరున వెలసిన బహుమతి
(అమెరికా టెలివిజన్ వారి ఎమ్మీ పురస్కారాల కథ)



లేపాక్షి నందిని స్వయంగా చూడకపోయినా, ఆ నంది పేరు మీద మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సినిమాలకు, నాటకాలకు, టీవీ కార్యక్రమాలకు ఇచ్చిన బహుమతుల సంగతి తెలియనివారు మనలో ఉండరు. మన బహుమతికి పేరు ఒక రాతి శిల్పం నుంచి వచ్చింది. అమెరికాలో టెలివిజన్ వారు 1949 నుంచి ఏటేటా ఇచ్చుకుంటున్న ఎమ్మీ బహుమతికి మాత్రం పేరు ఒక గాజుగొట్టం నుంచి వచ్చింది. ఈ సంగతి తెలిసినప్పుడు మొదట నవ్వు వచ్చింది. తరువాత ఆలోచిస్తే అందులో మన బోటి గుమాస్తాలు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నదనిపించింది. అందుకే ఈ వ్యాసం.

పుట్టుక

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, అనగా 1946లో, లాస్ ఏంజెల్స్ నగరంలో సిడ్ కాసిడ్ అనే పత్రికా రచయిత టెలివిజన్‌కు ఒక అకాడమీ ఉండాలని పూనుకున్నాడు. అప్పటికి అక్కడ టీవీ పెట్టెలు ఉన్న ఇళ్ళు బహు తక్కువ. సినిమావారు ఈ కొత్త వస్తువును చిన్నచూపు చూసేవారు. కాసిడ్ కొద్దిమందిని పోగుచేసి సమావేశాలు జరిపాడు. పదిమందికీ తెలిసిన పేరు ఒకటి ముందు ఉండాలి గనుక, మాట్లాడే బొమ్మతో రేడియోలో పేరు పొందిన ఎడ్గార్ బెర్గెన్‌ను మొదటి అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. సంఘాలు నడిపిన మన వారికి ఈ పద్ధతి కొత్త కాదు. పని చేసేది ఒకరు, అధ్యక్షస్థానంలో కూర్చునేది మరొకరు.

సంఘం ఏర్పడ్డ తరువాత బహుమతి అనుకున్నారు. దానికి పేరు కావలసి వచ్చింది. ఐకనోస్కోప్ అనే తొలినాటి కెమెరా గొట్టం పేరును కురచ చేసి "ఐక్" అందామా అని ఒక ఆలోచన వచ్చింది. కాని ఆ పేరు అప్పటికే సేనాని ఐసెన్‌హోవర్‌కు ముద్దుపేరుగా స్థిరపడిపోయింది. అప్పుడు హ్యారీ లబ్కీ అనే ఇంజనీరు "ఇమ్మీ" అని సూచించాడు. ఇమేజ్ ఆర్థికాన్ అనే కొత్త రకం కెమెరా గొట్టానికి టెలివిజన్ పనివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు అది. మన ఇళ్ళలో వాల్వుల రేడియో ఉండేది గదా, దాని లోపల వెలిగే గాజుగొట్టాల జాతిలోనిదే ఇదీను. ఎదుట ఉన్న బొమ్మను విద్యుత్తుగా మార్చి పంపడం దాని పని. తక్కువ వెలుతురులో కూడా అది బాగా పనిచేసేది. అంతకుముందు స్టూడియోలలో దీపాల వేడికి నటులు మాడిపోయేవారు.

బహుమతి ప్రతిమ స్త్రీ రూపంలో ఉన్నందున "ఇమ్మీ" కాస్తా ఆడపేరుగా మారి "ఎమ్మీ" అయింది. ఈ ప్రతిమ కోసం వచ్చిన నమూనాలలో నలభై ఏడింటిని త్రోసిపుచ్చి, నలభై ఎనిమిదవ దానిని ఒప్పుకున్నారట. దానిని గీసినవాడు లూయీ మెక్‌మానస్ అనే టెలివిజన్ ఇంజనీరు. నమూనాగా నిలబడినది ఆయన భార్య డొరొతీ. రెక్కలున్న స్త్రీమూర్తి పరమాణువు గుర్తును చేతులతో పైకెత్తి పట్టుకుని ఉంటుంది. రెక్కలు కళకు, పరమాణువు శాస్త్రానికి గుర్తులు. కళను శాస్త్రం మోయడం లేదు, శాస్త్రాన్నే కళ ఎత్తి పట్టుకున్నది. ఇది గమనించదగిన విషయం. ప్రతిమ ఎత్తు సుమారు పదిహేనున్నర అంగుళాలు, బరువు మూడు కిలోల పైచిలుకు.

మొదటి రాత్రి

మొదటి బహుమతి ప్రదానం 1949 జనవరి 25న హాలీవుడ్ అథ్లెటిక్ క్లబ్బులో జరిగింది. ప్రవేశానికి టిక్కెట్టు ఐదు డాలర్లు. లాస్ ఏంజెల్స్ ప్రాంతపు కార్యక్రమాలకు మాత్రమే పోటీలో చోటు. మొత్తం ఇచ్చినవి ఆరు బహుమతులు.

వాటిలో ఒకటి మాటలు లేకుండా అభినయంతో విషయాన్ని ఊహింపజేసే "పాంటొమైమ్ క్విజ్" అనే కార్యక్రమానికి వచ్చింది. టెలివిజన్ కోసం తీసిన ఉత్తమ చిత్రంగా "ది నెక్లెస్" ఎన్నికైంది. మనలో చాలామంది హైస్కూలు ఇంగ్లీషు వాచకంలో చదువుకున్న మొపాసా కథే అది. ఎరువు తెచ్చుకున్న హారం పోగొట్టుకుని, పదేళ్ళు చాకిరీ చేసి అప్పు తీర్చిన గుమాస్తా భార్య కథ. మొట్టమొదటి ఎమ్మీలలో ఒకటి ఒక గుమాస్తా ఇంటి కథకు దక్కిందంటే మనకు ఒకింత సంతోషమే.

ఒకటి కె.టి.ఎల్.ఎ. అనే స్టేషనుకు, ఒకటి ఒక సాంకేతిక పరికరాన్ని తయారు చేసిన చార్లెస్ మెసాక్ అనే ఆయనకు, మరొకటి ప్రతిమను రూపొందించిన మెక్‌మానస్‌కు ఇచ్చారు. ఆరింటిలో ముఖ్యమైనది, ఆ ఏటి ఉత్తమ టెలివిజన్ వ్యక్తిగా ఎన్నిక. అది షర్లీ డిన్స్‌డేల్ అనే, ఇరవై దాటిన యువతికి దక్కింది. జూడీ స్ప్లింటర్స్ అనే మాట్లాడే బొమ్మతో ఆమె పిల్లల కార్యక్రమం నడిపేది. మొదటి ఎమ్మీ అందుకున్న మనిషిగా చరిత్రలో ఆమె పేరే నిలిచింది. ఆమె సంగతి చివర మళ్ళీ చెబుతాను.

ఈ జాబితా చూడండి. ఆరింటిలో రెండు ఇంజనీర్లకు పోయాయి. తెర మీద ఎన్నడూ కనబడని మనుషులు వారు. తొలి నాడే ఈ సంగతి మరువని సంఘాన్ని మెచ్చుకోవలసిందే.

ఎదుగుదల

ఆ తరువాత ఎమ్మీ త్వరగా ఊరు దాటింది. 1952లో హాస్యనటుడు రెడ్ స్కెల్టన్‌కు బహుమతి వచ్చినప్పుడు, ఇది నాకు కాదు, లూసిల్ బాల్‌కు రావలసినదని ఆయన సభలోనే చెప్పాడు. ఆమె నటిస్తున్న "ఐ లవ్ లూసీ" అప్పుడు ఇంటింటా చూస్తున్న కార్యక్రమం. మరుసటి సంవత్సరం ఆమెకూ, ఆమె కార్యక్రమానికీ బహుమతులు వచ్చాయి. గెలిచినవాడు ఓడినవారి గొప్పను నలుగురిలో ఒప్పుకోవడం ఏ రంగంలోనైనా అరుదే.

1955 మార్చి 7న ఈ ఉత్సవాన్ని మొదటిసారి దేశమంతటికీ ప్రసారం చేశారు. ఆ రోజుల్లోనే న్యూయార్క్ వారికీ లాస్ ఏంజెల్స్ వారికీ పెత్తనం విషయంలో పోటీ మొదలైంది. కొంతకాలం కలిసి నడిచి 1977లో విడిపోయారు. రాత్రివేళ ముఖ్య కార్యక్రమాలకు ఇచ్చే ఎమ్మీలు లాస్ ఏంజెల్స్ వారికి, పగటి కార్యక్రమాలకు, వార్తలకు, క్రీడలకు ఇచ్చేవి న్యూయార్క్ వారికి దక్కాయి. ఇతర దేశాల కార్యక్రమాలకు ఇచ్చే అంతర్జాతీయ ఎమ్మీలను 1969లో ఏర్పడిన మరో అకాడమీ చూస్తుంది. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములు ఇంటిపేరు మాత్రం వదులుకోనట్లు, ముగ్గురూ "ఎమ్మీ" అన్న పేరును ఉంచుకున్నారు.

ఎంపిక పద్ధతి కూడా చెప్పుకోదగినది. నటులను నటులే, రచయితలను రచయితలే, కెమెరామెన్‌ను కెమెరామెనే పోటీకి ఎన్నుకుంటారు. పనితనం పనివాడికే తెలుస్తుందని దీని భావం. ఓట్ల లెక్కింపు బయటి ఆడిటర్ల సంస్థ చూస్తుంది. ఆడిట్ అంటే మనకు భయమూ తెలుసు, దాని విలువా తెలుసు.

తెర వెనుక మనుషులు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎమ్మీల రాత్రి టీవీలో మనకు కనబడేది మూడు గంటల ముచ్చట. నటీనటులు, దర్శకులు, రచయితలు వచ్చి బహుమతులు అందుకుంటారు. కాని ఇచ్చే బహుమతుల్లో అధిక భాగం ఆ రాత్రి ఇచ్చేవి కావు. కూర్పు, శబ్దం, దుస్తులు, అలంకరణ, రంగస్థల నిర్మాణం, కెమెరా వంటి వాటికి ఇచ్చే "క్రియేటివ్ ఆర్ట్స్" ఎమ్మీలను కొద్ది రోజుల ముందు వేరే సభలో ఇస్తారు. 2024లో "షోగన్" అనే ధారావాహికకు ఒక్క ఏడులోనే పద్దెనిమిది ఎమ్మీలు వచ్చాయి. ఒక ఏడాది ప్రసారానికి ఇన్ని రావడం అంతకుముందు లేదు. అందులో పద్నాలుగు ఆ ముందరి సభలోనే వచ్చాయి. లోకం చూసిన రాత్రి వచ్చినవి నాలుగు.

ఈ లెక్క చదివినప్పుడు నాకు మన కచేరీ గుర్తుకు వచ్చింది. నోటు పెట్టేది గుమాస్తా, డ్రాఫ్టు వ్రాసేది గుమాస్తా, పాత ఫైళ్ళు వెదికి పూర్వోదాహరణ తీసేది గుమాస్తా, ఫెయిర్ కాపీ కొట్టేది టైపిస్టు, తపాలాకు పంపేది డెస్పాచ్ వారు. జీవో మీద సంతకం మాత్రం సెక్రటరీ గారిది. ఇందులో తప్పేమీ లేదు, బాధ్యత వారిది గనుక సంతకం వారిదే ఉండాలి. కాని ఫైలు నడిపిన చేయి ఎవరిదో ఎప్పుడైనా ఒకరు అడిగితే మనసుకు తృప్తి.

ఈ సందర్భంలో ఫైలో ఫార్న్స్‌వర్త్ గారి కథ తప్పక చెప్పాలి. రైతు కుటుంబంలో పుట్టిన ఈయన పద్నాలుగేళ్ళ వయసులో పొలం చాళ్ళు చూసి, బొమ్మను కూడా ఇలాగే గీతలు గీతలుగా విడదీసి పంపవచ్చునని ఊహించాడంటారు. 1927 సెప్టెంబరు 7న, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, శాన్ ఫ్రాన్సిస్కోలో విద్యుత్ పద్ధతిన మొదటి టెలివిజన్ చిత్రాన్ని పంపి చూపాడు. అది కేవలం ఒక గీత. ఆ తరువాత ఆర్.సి.ఎ. అనే పెద్ద కంపెనీతో పేటెంటు వివాదం ఏళ్ళ తరబడి సాగింది. పేటెంటు కార్యాలయం ఈయన పక్షానే తీర్పు చెప్పింది. 1939లో ఆ కంపెనీ పది లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. ఇంతలో యుద్ధం వచ్చింది, పేటెంటు గడువు ముగిసింది, టెలివిజన్ ఇతరుల పేరు మీద ఇంటింటికీ చేరింది.

1957లో ఒక టీవీ పోటీ కార్యక్రమానికి ఈయనను తీసుకువచ్చారు. వచ్చిన మనిషి రహస్యం ఏమిటో నలుగురు ప్రముఖులు ప్రశ్నలు వేసి కనిపెట్టాలి. విద్యుత్ టెలివిజన్ కనిపెట్టిన మనిషి ఎదురుగా కూర్చుంటే, ఆ టెలివిజన్‌లోనే, ఒక్కరూ కనిపెట్టలేకపోయారు. ఎనభై డాలర్లు, ఒక పెట్టె సిగరెట్లు బహుమతిగా ఇచ్చి పంపారు. 1971లో ఆయన కన్నుమూశాడు. తరువాతి కాలంలో ఎమ్మీవారు తమ ఇంజనీరింగ్ పురస్కారాలలో ఒకదానికి ఆయన పేరు పెట్టారు. 2009లో ఆ పురస్కారాన్ని అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు ఇచ్చారు. 1969లో చంద్రుడి మీద మనిషి అడుగు పెట్టడాన్ని లోకమంతా అప్పటికప్పుడే చూడగలిగేటట్లు చేసినందుకు, నలభై ఏళ్ళ తరువాత దక్కిన గౌరవం అది.

ఆలస్యంగా అందినవి

మన ఇంక్రిమెంటు బకాయిల మాదిరి, ఎమ్మీ కూడా కొందరికి చాలా ఆలస్యంగా అందింది. నల్లజాతివారిలో మొదటి ఎమ్మీ గాయకుడు హ్యారీ బెలఫాంటేకు 1960లో వచ్చింది. గంభీర ధారావాహికల్లో ప్రధాన నటిగా ఒక నల్లజాతి స్త్రీకి రావడానికి మాత్రం 2015 దాకా ఆగవలసి వచ్చింది. ఆమె వయోలా డేవిస్. మాకూ ఇతరులకూ ఉన్న తేడా ప్రతిభలో కాదు, అవకాశంలోనే ఉన్నదని ఆమె ఆ వేదిక మీద చెప్పింది. లేని పాత్రకు బహుమతి ఎలా వస్తుందన్నది ఆమె ప్రశ్న.

భారతీయ మూలాలున్న తల్లిదండ్రులకు లండన్‌లో పుట్టిన ఆర్చీ పంజాబీకి 2010లో "ది గుడ్ వైఫ్"లో సహాయ నటిగా ఎమ్మీ వచ్చింది. కొరియా భాషలో తీసిన "స్క్విడ్ గేమ్" నటుడు లీ జంగ్‌జేకు 2022లో ప్రధాన నటుడి బహుమతి వచ్చింది. పైన చెప్పిన "షోగన్"లో సంభాషణలు ఎక్కువ భాగం జపాను భాషలోనివే. ఒక ఊరి కార్యక్రమాలతో మొదలైన బహుమతి ఇంత దూరం వచ్చింది.

పగటి ధారావాహికల నటి సూసన్ లూచీ సంగతి మరీ విచిత్రం. 1978లో మొదటిసారి పోటీలో నిలిచింది. ఏటేటా పేరు చదవడం, బహుమతి వేరొకరికి పోవడం. ఆమె ఓటమి మీద దేశమంతా ఛలోక్తులు వేసుకున్నది. పంతొమ్మిదవసారి, 1999లో, ఆమె పేరు చదివినప్పుడు సభ యావత్తూ లేచి నిలబడి నిమిషాల తరబడి చప్పట్లు కొట్టింది. మరొక గొప్ప నటి ఏంజెలా లాన్స్‌బరీ రాత్రి ఎమ్మీలకు పద్దెనిమిదిసార్లు పోటీలో నిలిచింది, అందులో పన్నెండు ఒకే ధారావాహికకు, వరుసగా. ఒక్కటీ రాలేదు. 2022లో ఆమె మరణించేదాకా ఆమెను చూసి ఆనందించినవారికి ఏ లోటూ కనబడలేదు. బహుమతి రాకపోవడం వేరు, పని బాగుండకపోవడం వేరు.

చిన్నవాళ్ళకు త్వరగా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1984లో రొక్సానా జాల్ అనే బాలికకు పద్నాలుగేళ్ళకు, 2025లో ఓవెన్ కూపర్ అనే కుర్రవాడికి పదిహేనేళ్ళకు వచ్చింది.

సమ్మె కాలం

మన ఎన్జీవోల సమ్మెలు చూసినవారికి ఈ ముచ్చట నచ్చుతుంది. 1980లో అమెరికా నటులు సమ్మె చేశారు. తమ పనిని వీడియో క్యాసెట్ల మీద అమ్మితే వచ్చే రాబడిలో తమకూ వాటా ఉండాలన్నది వారి కోరిక. సెప్టెంబరు 7న ఎమ్మీ సభ వచ్చింది. పోటీలో ఉన్న యాభై ఇద్దరు నటీనటుల్లో యాభై ఒక్కరు సభకు రాలేదు. వచ్చిన ఒక్కడు పవర్స్ బూత్. బహుమతి గెలిచి వేదిక ఎక్కాడు. తాను చేసినది ధైర్యమో తెలివితక్కువతనమో తెలియదన్న భావంతో మాట్లాడాడు. ఆ ఒక్కడిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పెద్ద బహుమతి ఎదురుగా ఉండి కూడా యాభై ఒక్కరు ఇంట్లో కూర్చున్నారే, అది చిన్న విషయం కాదు.

2001 సెప్టెంబరు 11 నాటి ఘోరం తరువాత సభను రెండుసార్లు వాయిదా వేసి నవంబరు 4న జరిపారు. 2023లో రచయితలు, నటులు ఇద్దరూ సమ్మె చేసినందున ఆ ఏటి సభ 2024 జనవరి 15న జరిగింది.

మన వైపు

మన దేశానికి వస్తే, ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న మొదలైంది. పల్లెలకు అది చేరినది "సైట్" ప్రయోగంతో. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు నాసా వారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. అందులో మన రాష్ట్రమూ ఉన్నది. కోళ్ళగూళ్ళకు వాడే ఇనుప వలతో కట్టిన పెద్ద గొడుగు ఏంటెన్నా నిలబెట్టి, ఊరంతా ఒక పెట్టె ముందు కూర్చుని చూసేది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది.

ఆ పెట్టె ముందు కూర్చున్న దేశానికి అంతర్జాతీయ ఎమ్మీలో ఉత్తమ ధారావాహిక బహుమతి 2020లో మొదటిసారి వచ్చింది. 2012 నాటి ఢిల్లీ దుర్ఘటన దర్యాప్తు మీద తీసిన "ఢిల్లీ క్రైమ్"కు అది దక్కింది. 2023లో హాస్య విభాగంలో వీర్ దాస్ గెలుచుకున్నాడు. ఆ ఏడే నిర్మాత ఏక్తా కపూర్‌ను కూడా ఆ వేదిక మీద గౌరవించారు.

చివరి మాట

మొదటి ఎమ్మీ అందుకున్న షర్లీ డిన్స్‌డేల్ సంగతి చివర చెబుతానన్నాను. బహుమతి వచ్చిన కొద్ది సంవత్సరాలకే ఆమె టెలివిజన్ వదిలి సంసారంలో పడింది. పిల్లలు పెద్దవారయ్యాక మళ్ళీ చదువుకుని, ఒక ఆసుపత్రిలో ఊపిరి అందని రోగులకు చికిత్స చేసే విభాగంలో ఉద్యోగం చేసింది. 1999లో కాలం చేసింది. ఆమె చేతి సాయంతో ఊపిరి పీల్చుకున్న రోగుల్లో, ఈవిడే మొదటి ఎమ్మీ విజేత అని తెలిసినవారు ఎందరుంటారు? ఆ రెండవ ఉద్యోగానికి ప్రతిమలు ఇచ్చేవారు లేరు. అయినా ఆమె చేసింది.

ఏటా డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినం జరుపుకుంటాము. పెద్దలకు శాలువాలు కప్పుతాము. అది మంచి ఆచారం, సాగవలసిందే. నా విన్నపం ఒక్కటే. ఈసారి సభలో, మన కచేరీలలో పనిచేసి పోయిన టైపిస్టులు, అటెండర్లు, రికార్డు గది చూసిన వారు, డెస్పాచ్ బల్ల దగ్గర జీవితం గడిపిన వారి పేర్లను కూడా ఒకసారి చదివితే బాగుంటుంది. శాలువా అక్కరలేదు, పేరు చదివితే చాలు. ఒక గాజుగొట్టం పేరును డెబ్బై అయిదేళ్ళకు పైగా నిలిపినవారు అమెరికాలో ఉన్నారు. మనతో ముప్ఫై ఏళ్ళు పక్క బల్ల మీద పనిచేసిన మనిషి పేరును మనం నిలపలేమా?

సెలవు.